హీరో గారి గుర్రానికి పన్ను నొప్పి!

వెండితెర మీద హీరో గుర్రమెక్కి దూసుకువస్తాడు. లోయ అంచున ఠక్కున కళ్ళెం లాగుతాడు. గుర్రం నోరు తెరిచి, తల పైకెగరేసి, ముందుకాళ్ళు లేపి సకిలిస్తుంది. మనం ఈలలు వేస్తాం. కాగితాలు చింపి ఎగరేస్తాం. అవునా?

ఈలలు వేసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. చిన్నప్పుడు దిల్‌సుఖ్‌నగర్ కోణార్క్, వెంకటాద్రి హాళ్ళలో గొంతు పోయేదాకా అరిచినవాణ్ణే. కానీ మొన్న కర్మన్‌ఘాట్‌లో ఒక పెళ్ళి ఊరేగింపు చూశాక ఆ ఈల నా పెదవి దాటి రావడం మానేసింది. ఆ కథే యిది. కథలో హీరో వున్నాడు, హీరోయిన్ వుంది, బ్యాండు మేళం వుంది, చివర్లో చిన్న త్యాగం కూడా వుంది. చిత్తగించండి!

బరాత్ ఆగిపోయింది!

మా మేనమామ కొడుకు పెళ్ళి. కర్మన్‌ఘాట్ నుంచి చంపాపేట వైపు వెళ్ళే రోడ్డు మీద ఫంక్షన్ హాలు. పెళ్ళికొడుకు నాకు బామ్మర్ది వరస. షేర్వాణీ, తలపాగా, నల్ల కళ్ళద్దాలతో తెల్ల ఆడగుర్రం మీద కూర్చున్నాడు. గుర్రం పేరు రాణి. పేరుకు తగ్గట్టే మెడనిండా ముత్యాల దండలు, నుదుటిమీద కుచ్చు, జరీ జీను!

బ్యాండువాళ్ళు సినిమా పాట అందుకోగానే రాణి తల ఎగరేయడం మొదలుపెట్టింది. పైకీ కిందకీ, ఎడమకీ కుడికీ. నోరు తెరుస్తోంది, మూస్తోంది. నురగ కారుతోంది.

"అబ్బ! ఏం డాన్స్ చేస్తుందిరా!" అని కుర్రాళ్ళు కేరింతలు. సెల్‌ఫోన్లు పైకి లేచాయి. పగ్గం పట్టుకున్న కుర్రాడు గట్టిగా గుంజాడు. రాణి యింకా గట్టిగా తల విసిరింది.

అప్పుడు గుంపులోంచి ఒక ముసలాయన ముందుకొచ్చాడు. తెల్లగడ్డం, లుంగీ, భుజాన తువ్వాలు. గుర్రం ఆయనదే, పగ్గం పట్టిన కుర్రాడు ఆయన మనవడు.

"బాజా బంద్ చెయ్యుండ్రి! జర ఆగుండ్రి!" అన్నాడు.

"ఏమైంది చాచా? బ్రహ్మాండంగా డాన్స్ చేస్తుంటే..." అన్నాను నేను.

ఆయన నావైపు ఒకసారి చూశాడు. "నాచ్‌తలేదు బేటా. ఏడుస్తున్నది" అన్నాడు.

వీధిదీపం కింద పరీక్ష

పెళ్ళికొడుకుని దింపి రాణిని పక్కకు తీసుకెళ్ళారు. నేనూ వెనకాలే వెళ్ళాను. విలేకరి బుద్ధి ఎక్కడికి పోతుంది?

చాచా గుర్రానికి ఎదురుగా నిలబడలేదు. పక్కన, భుజానికి ఆనుకుని నిలబడ్డాడు. ముందు మెడ నిమిరాడు. తర్వాత పెదవుల మూల చూశాడు. అక్కడ చర్మం ఎర్రగా చిట్లివుంది. తర్వాత బుగ్గ పైనుంచి, పై దవడ పళ్ళ వరస వెంట, వేళ్ళతో మెల్లగా నొక్కుకుంటూ వెళ్ళాడు. ఒకచోట రాణి ఉలిక్కిపడి తల లాక్కుంది. కళ్ళెం తీసేసి నన్ను ఫోను లైటు వెయ్యమన్నాడు. పెదవి మూల కొంచెం లాగి చూపించాడు. బుగ్గ లోపలివైపు గోరంత పుండు. దాని పక్కనే, పై దవడ మొదటి పంటి అంచు. కత్తి మొనలా వుంది!

"కళ్ళెం గుంజినప్పుడల్లా బుగ్గ పోయి గా పంటికి ఒరుసుకుంటున్నది. మీకేమో డాన్స్ కొడుతున్నట్టు కనబడ్తున్నది" అన్నాడు చాచా.

నిజం చెప్పొద్దూ, నాకు నోట మాట రాలేదు. ఇన్నేళ్ళూ నేను చప్పట్లు కొట్టిన డాన్సుల్లో ఎన్ని పన్నునొప్పులో!

సగం కిరాయి చాలు

అసలు పేచీ అక్కడ మొదలైంది. చాచా తేల్చి చెప్పేశాడు: "నేను కళ్ళెం వెయ్య. కళ్ళెం లేకుంట యింత బాజాల, పటాకుల నడుమ దూల్హాను ఎక్కించ. ఏదన్న అయితే జిమ్మేదారీ నాది."

మా మామయ్యకు కోపం వచ్చింది. "ముహూర్తం ముంచుకొస్తుంటే పంటి నొప్పేంది? కిరాయి మాట్లాడుకున్నం కదా! సగం కోసేస్త!" అన్నాడు.

"సగం చాలు సాబ్" అన్నాడు చాచా, బేరం ఆడకుండా. మనవడు గొణిగాడు, "దాదా, ఎల్లుండి యింకో బరాత్ వున్నది..." అని. "గది గూడ కాన్సల్" అన్నాడు తాత. పెళ్ళిళ్ళ నెలలో రెండు బరాత్‌లు పోవడమంటే ఆ యింటికి మాటలా? ఆ కుర్రాడి ముఖం చూస్తే తెలిసింది.

అప్పుడు మా బామ్మర్ది చేసిన పని చూడండి! నల్ల కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. "బావా, నడిచే పోదాం పద. రాణిని పక్కన నడవనీ. ఫోటోలకు ఆ మాత్రం చాలు" అన్నాడు. పటాకులు ఆపించాడు. ఒట్టి తలతాడుతో రాణి, దాని పక్కన షేర్వాణీలో పెళ్ళికొడుకు, బ్యాండు యాభై అడుగులు ముందు! ఆ ఊరేగింపును కర్మన్‌ఘాట్ రోడ్డు అంతకుముందు చూసివుండదు.

అసలీ ఊరికీ, గుర్రానికీ పాత చుట్టరికమే. యిక్కడి ఆంజనేయస్వామి గుడికి మూలం 12వ శతాబ్దంలో వేటకొచ్చిన కాకతీయ ప్రోలరాజని స్థలపురాణం చెబుతుంది. రాజుగారు వేటకు ఆటోలో రారు కదా! ఒకవైపు వెళ్తే మలక్‌పేట రేసుకోర్సు. మౌలాలీలో మొదలైన గుర్రప్పందాలు 1886లో అక్కడికి మారాయి. యింకోవైపు ఎల్.బి.నగర్ మీదుగా హయత్‌నగర్ దాటితే 1996లో వెలసిన రామోజీ ఫిల్మ్ సిటీ. పందెం గుర్రం, పెళ్ళి గుర్రం, సినిమా గుర్రం... మూడింటికీ నడుమ కర్మన్‌ఘాట్!

నోట్లో ఖాళీ స్థలం

మూడోరోజు పశువైద్యుడు వస్తాడని తెలిసి నేను చాచా యింటి వెనక వున్న గుర్రపుశాలకు వెళ్ళాను. అక్కడ నేర్చుకున్న విషయాలు మీకూ చెబుతాను. రేపు మీరు సినిమా చూసేటప్పుడు పనికొస్తాయి.

గుర్రం నోట్లో ముందువైపు పైన 6, కింద 6 పళ్ళు. గడ్డి కొరకడానికి అవి. వెనకాల నమిలే పళ్ళు రెండు దవడల్లో కలిపి 24. మొత్తం 36. మగగుర్రాలకు వీటి నడుమ 4 కోరపళ్ళు అదనం. ఆడగుర్రాలకు ఇవి అరుదు. ముందు పళ్ళకూ, వెనక పళ్ళకూ నడుమ ఏ పళ్ళూ లేని చిగురు మాత్రమే వున్న ఖాళీ జాగా వుంటుంది. మనిషి తెలివి ఆ ఖాళీని కనిపెట్టింది. కళ్ళెం కడ్డీ కూర్చునేది అక్కడే!

మనం మొత్తం కలిపి కళ్ళెం అనే దాన్ని చాచా లగాం అంటాడు. నోట్లో వుండే ఇనుప కడ్డీని దహానా అంటాడు. ఆ కడ్డీ కింద నాలుక, దానికి అటూ యిటూ ఎముక మీద పల్చటి చిగురు, పైన అంగిలి. యింత సున్నితమైన చోట ఇనుము పెట్టి, రెండు చేతులతో ఎంత బలంగా లాగుతామో అంత నొప్పి. అందుకే అనుభవమున్న రౌతులు "చెయ్యి మెత్తగా వుండాలి" అంటారు. కండలు కాదు, మణికట్టు ముఖ్యం.

యింకో విచిత్రం! కొన్ని గుర్రాలకు నమిలే పళ్ళ ముందు బఠాణీగింజంత చిన్న పన్ను ఒకటి మొలుస్తుంది. దాన్ని తోడేలు పన్ను అంటారు. దానితో గుర్రానికి ఒరిగేదేమీ లేదు. కానీ కళ్ళెం దానికి తగిలితే మాత్రం నరకం. సినిమాలో చిన్న విలన్‌లాంటిదన్నమాట! అందుకే చాలామంది గుర్రాన్ని స్వారీకి తర్ఫీదు చేయడానికి ముందే డాక్టరుతో దాన్ని తీయించేస్తారు.

పళ్ళు పెరుగుతూనే వుంటాయి

మన పళ్ళు ఒకసారి వస్తే వచ్చినట్టే. గుర్రం పళ్ళ సంగతి వేరు. వయసులో వున్న గుర్రం దవడ పన్ను పొడవు మూడు నాలుగు అంగుళాలు వుంటుంది. అందులో ఎక్కువ భాగం ఎముకలోనే దాక్కుని వుండి, ఏటా రెండు మూడు మిల్లీమీటర్లు బయటికి వస్తూ వుంటుంది. నమిలి నమిలి అంతే అరుగుతుంది. వచ్చేదీ అరిగేదీ సమానమైతే పేచీ లేదు.

కానీ పై దవడ కింది దవడ కంటే వెడల్పు. గుర్రం నమిలేది పైకీ కిందకీ కాదు, పక్కకు తిప్పి తిరగలి విసిరినట్టు. మైదానంలో వదిలితే రోజుకు పదహారు గంటలు గడ్డి మేస్తుంది. పన్ను అంతా సమంగా అరుగుతుంది. శాలలో కట్టేసి శెనగలూ, ఉలవలూ, తవుడూ పెడితే నమలడం తగ్గిపోతుంది, దవడ పూర్తిగా పక్కకు తిరగదు. అరగని అంచులు మొనలు తేలతాయి. పై పళ్ళ మొనలు బుగ్గవైపు, కింది పళ్ళ మొనలు నాలుకవైపు. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని సామెత. దాణా సరే, దాన్ని నమిలే పళ్ళ సంగతి ఎవరు చూస్తారు?

డాక్టరుగారు వచ్చి రాణికి మత్తు సూది వేశారు. కాళ్ళమీద నిలబడే జోగింది పాపం! నోరు మూసుకోకుండా ఇనుప చట్రం పెట్టి, నీళ్ళతో కడిగి, తలకు కట్టుకున్న దీపంతో లోపలంతా చూశారు. చేత్తో ఒక్కొక్క పన్నూ తడిమారు. తర్వాత పొడవాటి పిడి వున్న ఆకురాయితో ఆ మొనల్ని అరగదీశారు. గర్... గర్... అని చప్పుడు. నాకు నా పళ్ళే జివ్వుమన్నాయి! పంటి ఆ పైభాగంలో నొప్పి తెలిసే నరం వుండదు కాబట్టి ఆ మొనల వరకే తీస్తే గుర్రానికి బాధ వుండదట. ఎక్కువ అరగదీస్తే మాత్రం ముప్పే. అందుకే యిది వైద్యుడు చేయాల్సిన పనే గాని, యింట్లో ఆకురాయి వుంది కదా అని ఎవరుపడితే వాళ్ళు చేసేది కాదు. పుండు మానేదాకా కళ్ళెం వెయ్యవద్దని చెప్పి వెళ్ళారు డాక్టరుగారు.

ఎన్నాళ్ళకొకసారి చూపించాలి? పెద్ద గుర్రానికి ఏడాదికి ఒకసారైనా. రెండున్నర ఏళ్ళ నుంచి అయిదేళ్ళ లోపు పాలపళ్ళు రాలి కొత్తవి వస్తుంటాయి గనుక ఆ వయసులో ఆరునెలలకోసారి. మరి పందెం గుర్రాలు పరుగు మొదలుపెట్టేది రెండేళ్ళ వయసులోనే! పళ్ళు ఊడే వయసూ, పరుగెత్తే వయసూ ఒకటే అన్నమాట.

చాచా పాఠం

"నోరు తెరవకముందే సగం సంగతి తెలుస్తది బేటా" అన్నాడు చాచా. ఆయన చెప్పినవీ, డాక్టరుగారు చెప్పినవీ కలిపి రాస్తున్నాను.

ముందు తినడం చూడాలి. సగం నమిలిన గడ్డి ఉండలు చుట్టి కింద పడేస్తోందా? లద్దిలో గింజలు అరక్కుండా అట్లాగే వస్తున్నాయా? దాణా పెడుతున్నా పక్కటెముకలు తేలుతున్నాయా? నోరు కంపు కొడుతోందా? ఒక్క ముక్కులోంచే చీము కారుతోందా? వీటిలో ఏది కనిపించినా నోటి మీద అనుమానపడాలి. ముక్కులో చీమైతే పై పంటి వేరు చెడివుండొచ్చు.

తర్వాత స్వారీ చూడాలి. కళ్ళెం వేయబోతే తల పైకెత్తి తప్పించుకుంటోందా? ఒక పక్కకు తేలిగ్గా తిరిగి రెండో పక్కకు మొండికేస్తోందా? నాలుక బయటికి వేలాడేస్తోందా? తల అదేపనిగా ఎగరేస్తోందా? "కొట్టేటందుకు ముందు నోరు చూడాలె" అంటాడు చాచా. బంగారంలాంటి మాట!

యిక కళ్ళెం. కడ్డీ మరీ పొట్టిదైతే పెదవుల్ని నొక్కేస్తుంది. మరీ పొడవైతే అటూ యిటూ జారి ఒరుస్తుంది. రెండువైపులా అర సెంటీమీటరు చొప్పున బయటికి వుంటే సరిపోయినట్టు. మరీ కిందికి వేలాడితే మగగుర్రాలకు కోరపళ్ళకు తగులుతుంది. మరీ పైకి బిగిస్తే పెదవి మూలలు చిట్లుతాయి. కడ్డీ లావుగా వుంటే మెత్తగా వుంటుందని కొందరి నమ్మకం. నోట్లో అంత జాగా లేని గుర్రానికి అదీ యిబ్బందే. తుప్పు, గరుకు, అతుకుల దగ్గర సందు వుందేమో వేలితో తడిమి చూడాలి. వాడిన ప్రతిసారీ కడగాలి.

ఒక్క హెచ్చరిక! చాచా పెదవి తెరిచాడని మీరు పెళ్ళిగుర్రం నోట్లో వేలు పెట్టకండి. ఆ దవడ పళ్ళ నడుమ వేలు పడితే తిరిగి రాదు!

పళ్ళు చూసి వయసు చెప్పే విద్య కూడా యిందులో భాగమే. పదేళ్ళ ప్రాంతంలో పై వరస చివరి ముందుపంటి మీద చిగురు దగ్గర ఒక సన్నని గీత మొదలై, యిరవై ఏళ్ళకు అంచుదాకా దిగుతుంది. రాణి పంటిమీద గీత అప్పుడే తొంగిచూస్తోంది. "పదకొండో, పన్నెండో" అన్నాడు చాచా.

విరాటరాజు కొలువులో నకులుడు దామగ్రంథి అన్న పేరుతో గుర్రాలశాలను చూసుకున్నాడని భారతం చెబుతుంది. 'నర్తనశాల' (1963) చూసి మనం బృహన్నలనూ, కీచకుణ్ణీ తలుచుకుంటాం. అశ్వశాలలో పనిచేసిన నకులుణ్ణి మాత్రం మరిచిపోతాం. చాచాను చూస్తే నాకు నకులుడే గుర్తొచ్చాడు.

తెర వెనక నోరు లేని నటులు

తెలుగు తెరకు గుర్రం కొత్త కాదు. జానపద చిత్రాల్లో కాంతారావు గుర్రం లేకుండా కత్తి లేదు. 1971లో కృష్ణ 'మోసగాళ్ళకు మోసగాడు'తో కౌబాయ్‌ని తెలుగువాణ్ణి చేశాడు. 1990లో 'కొదమసింహం'గా చిరంజీవి వచ్చాడు. 2002లో 'టక్కరి దొంగ'గా మహేష్‌బాబు వచ్చాడు. 2009లో 'మగధీర'గా, 2022లో 'ఆర్ఆర్ఆర్'లో రాంచరణ్ గుర్రమెక్కాడు. టైటిల్సులో అందరి పేర్లూ పడ్డాయి. గుర్రం పేరు ఎవరైనా చదివారా?

చాచా కూడా ఒకప్పుడు షూటింగులకు గుర్రాలు పంపినవాడే. "హీరో సాబ్ మంచోడే. కానీ కొత్త. భయంతో పగ్గం మీద వేలాడేటోడు. ఒక్క షాట్ పది మాట్ల తీస్తే పది మాట్ల నోరు గుంజినట్టే గద!" అన్నాడు. ఏ సినిమానో చెప్పమంటే నవ్వి వూరుకున్నాడు.

చట్టాలు లేవా అంటే వున్నాయి. ముళ్ళూ, బొడిపెలూ వున్న కళ్ళెం వాడకూడదని 1965 నాటి నిబంధనలే చెబుతున్నాయి. షూటింగులో జంతువుల్ని నటింపజేయాలంటే 2001 నిబంధనల ప్రకారం అనుమతి తీసుకోవాలి. సినిమా మొదట్లో 'ఏ జంతువునూ హింసించలేదు' అని వచ్చే అక్షరాల వెనక కథ యిదే. అయినా ప్రమాదాలు ఆగలేదు. 2021 ఆగస్టులో మన అబ్దుల్లాపూర్‌మెట్ పరిధిలో ఒక షూటింగులో గుర్రం చనిపోయి పోలీసు కేసు నమోదైంది. అది పంటి సంగతి కాదు. కానీ నోరులేని నటుల తరఫున నోరు విప్పేవాళ్ళు సెట్లో ఎప్పుడూ వుండాలని ఆ ఘటన చెప్పింది.

పేద గుర్రపువాళ్ళను తిట్టి ప్రయోజనం లేదు. డాక్టరు ఖర్చు, పోయిన బరాత్‌ల కిరాయి, మానేదాకా దాణా... అన్నీ వాళ్ళ నెత్తినే. నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల వుంది. రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాల వుంది. కిరాయికి తీసుకునే మనం కూడా "గుర్రం నోరు చూశారా?" అని ఒక్క మాట అడిగితే తప్పేముంది?

క్లైమాక్స్

నెల తర్వాత ఒక సాయంత్రం గుడి దగ్గర చాచా కనిపించాడు. రాణి వెంట వుంది. కొత్త కళ్ళెం. నున్నటి కడ్డీ. పెదవి మూలలు మానిపోయాయి.

"మళ్ళా బరాత్‌లకు వస్తున్నదా చాచా?" అని అడిగాను.

"రేపు సరూర్‌నగర్‌ల వున్నది. మీ బామ్మర్ది వచ్చిండు, తెలుసునా? మిగిలిన సగం కిరాయి యిచ్చి పోయిండు. నేను వద్దన్న. రాణి దవాఖాన ఖర్చు అన్నడు" అన్నాడు చాచా.

మా బామ్మర్ది ఆ సంగతి నాకు చెప్పనే లేదు! అసలు హీరో ఎవరో యిప్పుడు మీరే చెప్పండి.

దూరంగా ఎక్కడో బ్యాండు మోగింది. రాణి చెవులు నిక్కబొడుచుకుంది. తల మాత్రం ఎగరేయలేదు. నిమ్మళంగా గడ్డి నములుతూ నిలబడింది.